గౌరి పేరు ఎక్కని బ్లాక్‌చెయిన్

2022 వానాకాలం. ఖరగ్‌పూర్‌లో ఇందా బజారు వెనక, మందుల షాపు మీది మేడగదిలో నా ఆఫీసు. మా తాత శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. నాన్న కూడా అక్కడే చేసి రిటైరయ్యాడు. నేను బెంగళూరులో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా ఉండి, కరోనా రోజుల్లో ఇంటికొచ్చి, ఇక వెనక్కి వెళ్లలేదు. రైస్ మిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు, నర్సింగ్ హోములకు అపాయింట్‌మెంట్ యాప్‌లు, ఏది వస్తే అది చేసేదాన్ని. బ్లాక్‌చెయిన్ కావాలని మా ఊళ్లో నన్నెవరూ అడగలేదు, రమణమ్మ పిన్ని వచ్చేదాకా.

రమణమ్మ పిన్ని మాకు చుట్టం కాదు. రైల్వే క్వార్టర్స్‌లో మా పక్క వరసలో ఉండేవాళ్లు. భర్త పోయాక ఆవిడ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌కి వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని జనపనార సంచులు కుట్టే యూనిట్ పెట్టింది. పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. సగం మంది మనవాళ్లు, సగం మంది బెంగాలీలు. ఆ సంచులు కలకత్తాలోని ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీ ద్వారా బయటి దేశాలకు వెళ్తాయి.

ఆ రోజు తడిసిన గొడుగు గుమ్మంలో ఆనించి, ఫోన్ నా చేతికిచ్చింది.

"ఇదేటో సూడు సుజాతా. చెయిన్ అంటాడు. మన సంచులకి జిప్పే ఉండదు, చెయిన్ ఎక్కడెట్టమంటాడో తెలవట్లేదు."

కలకత్తా కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ అది. విదేశంలోని దుకాణం వాళ్లు ఒక షరతు పెట్టారట. ప్రతి సంచికీ ఒక QR కోడ్ ఉండాలి. కొన్నవాళ్లు ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ సంచి ఎక్కడ తయారైందో, ఎవరు కుట్టారో, వాళ్ల ఫొటోతో సహా కనబడాలి. ఆ వివరాలు బ్లాక్‌చెయిన్ మీద ఉండాలి. అలా చేస్తే ఏడాది పొడుగునా ఆర్డర్లు, లేకపోతే వేరే యూనిట్ చూసుకుంటారు.

పిన్నికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. బ్లాక్‌చెయిన్ అంటే చాలామంది దగ్గర ఒకేసారి ఉండే చిట్టా. ఒకరి దగ్గర దిద్దితే మిగతావాళ్ల నకళ్లతో సరిపోలదు, దొంగతనం బయటపడిపోతుంది. అందుకని అందులో ఒకసారి రాసింది ఇక మారదు. మా భాషలో దీన్ని immutable అంటారు. చెరగనిది అని.

ఇలాంటి పనిలో మొదట తేల్చుకోవలసింది ప్లాట్‌ఫారం. వాటి పేర్లు ఇక్కడ రాయను, ఏడాదికో కొత్తది వస్తుంది. కానీ జాతులు మాత్రం రెండే. ఒకటి public chain. ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా తమ కంప్యూటర్‌లో నకలు పెట్టుకోవచ్చు. రెండోది permissioned chain. పిలిచినవాళ్లే లోపలికి వస్తారు, వాళ్లకే కనబడుతుంది. మొదటిదానిలో నమ్మకం ఎక్కువ. రెండోదానిలో అదుపు ఎక్కువ.

కంపెనీ తరఫున ఈ పని చూసే మేనేజర్ మౌమిత. నా వయసే ఉంటుంది. ఫోన్‌లో బెంగాలీ, ఇంగ్లిష్ కలిపి చాలా స్పష్టంగా మాట్లాడేది. వాళ్ల దుకాణంవాళ్లకు public chain అయితేనే ఇష్టమని, అక్కడి కొనుగోలుదార్లకు కంపెనీ మాట మీద నమ్మకం లేదని, ఎవరికి వాళ్లు తనిఖీ చేసుకోగలిగేది కావాలంటున్నారని చెప్పింది. నాకూ అది సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే నాకు ఉత్సాహంగానే ఉంది. బిల్లింగ్ ప్రోగ్రాములు రాసీ రాసీ విసిగిపోయిన ప్రాణం. ఇంటర్‌నెట్‌లో చదవడమే తప్ప చేతితో చెయ్యని పని ఒకటి ఇంటికి నడిచొచ్చింది.

ప్లాట్‌ఫారం ఖాయం చేసే ముందు నమూనా చేసి చూపించాలి. దానికి పనివాళ్ల ఫొటోలు, పేర్లు కావాలి. ఒక పొద్దున్న టోటో, అంటే ఇక్కడి బ్యాటరీ రిక్షా, మాట్లాడుకుని యూనిట్‌కి వెళ్లాను. షెడ్డులో మిషన్ల చప్పుడు, గాలిలో నార నూగు, తడి జనపనార వాసన. ఫొటోలు తీస్తారని ముందే తెలిసిందేమో, అందరూ మంచి చీరలు కట్టుకొచ్చారు. సూర్యకాంతం అని ఒకావిడ తలలో మల్లెపూలు పెట్టుకుని, కళ్లజోడు తీసి తీయించుకోవాలా, ఉంచి తీయించుకోవాలా అని అందరినీ అడుగుతోంది. మన మొహాలు విదేశాల్లో కనబడతాయట అని నవ్వుకున్నారు. ఆ నవ్వు నాకూ బాగుంది. ఎన్నేళ్లుగానో సంచులు వెళ్తున్నాయి గానీ, వాటితోపాటు వీళ్ల పేరు ఏనాడూ వెళ్లలేదు.

ఒక్క మనిషి మాత్రం మిషన్ దగ్గరనుంచి లేవలేదు. పిలిస్తే దారం తెస్తానని వెనక నార బేళ్ల చాటుకు వెళ్లింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. సన్నగా, చురుగ్గా ఉంది. పేరు గౌరి అని, సంచి పిడులు కుట్టడంలో ఆ అమ్మాయి చెయ్యి మంచిదని పిన్ని చెప్పింది. సిగ్గుపడుతోందనుకుని నేనే వెనక్కి వెళ్లి, ఎలా ఉన్నా పరవాలేదు, ఒక్క ఫొటో చాలన్నాను.

గౌరి నా ఫోన్ వంక చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"అక్కా, ఇందులో ఒకపాలి నా పేరు, ఫొటో ఎక్కించీసినాక, తర్వాత నాను వద్దంటే తీసీడానికి అవుద్దా?"

"అవదమ్మా. దాన్ని ఎవరూ తీయలేరు, మార్చలేరు. అందుకే జనం నమ్ముతారు."

"నువ్వు కూడా తీయనేవా?"

"నేను కూడా."

తల ఊపింది. ఠీక్ హై అక్కా, రేపు తీయించుకుంటాను అని చెప్పి మిషన్ దగ్గరకు వెళ్లిపోయింది. మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అప్పుడు పిన్ని నాకు ఫోన్ చేసి, యూనిట్‌కి రమ్మని, షెడ్డు బయట టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి విషయం చెప్పింది.

గౌరి మొగుడు టాటానగర్‌లో ఉంటాడు. పెళ్లయిన కొత్తలోనే చెయ్యి చేసుకోవడం మొదలెట్టాడు. ఆ తర్వాత అది చేతితో ఆగలేదు. ఒకరోజు ఆ అమ్మాయి కట్టుబట్టలతో బయటపడి, రాయగడలో ఉండే వాళ్ల పిన్నమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడ కొన్నాళ్లు బాగానే గడిచింది. ఇంతలో ఆ వీధివాళ్ల పూజలో ఎవరో గుంపుగా ఫొటో తీసి సోషల్ మీడియాలో పెట్టారు. అందులో వెనక వరసలో గౌరి ఉంది. ఆ ఫొటో ఎలా చేరిందో మొగుడికి చేరింది. వాడు వచ్చాడు. పిన్నమ్మ ఇంటి తలుపులు విరగ్గొట్టాడు, అడ్డం వచ్చిన ఆవిడ చెయ్యి విరిగింది. ఫొటో పెట్టినవాళ్లు అడగ్గానే తీసేశారు గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. గౌరి రాత్రికి రాత్రి రైలెక్కి, పిన్నమ్మకి తెలిసిన రమణమ్మ పిన్ని దగ్గరకు ఖరగ్‌పూర్ వచ్చింది. యూనిట్‌లో ఈ సంగతి పిన్నికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"నీకు సెప్పకూడదనే అనుకున్నాను. ఆ గుంట పెట్టె సర్దీసుకుంటన్నాదని తెలిసినాక ఆగనేకపోనాను," అంది పిన్ని.

ఇద్దరం నింపురాలో ఆ అమ్మాయి అద్దెకుంటున్న గదికి వెళ్లాం. పెట్టె నిజంగానే సర్ది ఉంది. కిరోసిన్ స్టవ్ కడిగి బోర్లించి ఉంది. మమ్మల్ని చూసి చాప పరిచింది. నాకు తెలిసిందని పిన్ని చెప్పింది. గౌరి ఇక దాచకుండా మాట్లాడింది.

"నాకు ఈ ఊరు బాగున్నాది అక్కా. పని బాగున్నాది. ఒగ్గీసి ఎల్లాలని నాకేటి సరదా. కానీ ఆడొస్తే మా పిన్నమ్మ ఇల్లు ఏటైపోనాదో నాను సూసినాను. ఈపాలి ఈవిడ ఇల్లు అవుద్ది."

నేను ఇంకా ఏ ప్లాట్‌ఫారమూ ఖాయం చెయ్యలేదని, తన పేరు గానీ ఫొటో గానీ ఎక్కించనని చెప్పాను. కంపెనీవాళ్లు ఒప్పుకోకపోతే ఈ పని వదులుకుంటానని కూడా అన్నాను. ఆ మాట నేను నిజంగానే అన్నాను. అది విని గౌరికి ధైర్యం వస్తుందనుకున్నాను.

"నువ్వు సెయ్యకపోతే ఇంకొకలు సేస్తారు గదా అక్కా," అంది.

అదీ నిజమే. నేను తప్పుకుంటే నా మనసు బాగుంటుందేమో గానీ గౌరికి ఒరిగేదేమీ లేదు. పిన్ని ఆర్డరూ పోతుంది. తప్పుకోవడం కాదు, కంపెనీ ఒప్పుకునే మార్గం ఒకటి చేసి చూపించాలి. కొన్నాళ్లు ఆగమని అడిగాను. ఎక్కడికీ వెళ్లకుండా ఆగితే చాలు, యూనిట్‌కి రాకపోయినా పరవాలేదన్నాను. పెట్టె విప్పలేదు గానీ ఆగుతానంది. పిడులు కుట్టే పని పిన్ని ఆ గదికే పంపించింది.

ఆ వారమంతా నా గదిలో కాయితాల మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. మొదట తోచింది గౌరిని ఒక్కదాన్ని వదిలేయడం. అందరివీ ఎక్కించి, ఆమె స్థానం ఖాళీగా ఉంచడం. కానీ అందరికీ మొహాలుండి ఒక్క చోట లేకపోతే, అదేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఖాళీయే ఆమెను పట్టిస్తుంది. పైగా ఈ రోజు నాకు గౌరి ఒక్కతే తెలుసు. రేపు ఇంకెవరికి ఏ అవసరం వస్తుందో వాళ్లకే తెలియదు. ఫొటో కోసం మల్లెపూలు పెట్టుకొచ్చిన మనిషికి కూడా ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తీసేయించుకోవాలనిపించవచ్చు. కాబట్టి మనుషుల వివరాలు చెరగని చోట పెట్టకూడదు. ఇది గౌరి కోసం చేసే మినహాయింపు కాదు, అందరికీ వర్తించే నియమం కావాలి.

చివరికి permissioned chain తీసుకున్నాను. యూనిట్, కలకత్తా కంపెనీ, నాణ్యత తనిఖీ చేసే ఒక సంస్థ, ఈ ముగ్గురి దగ్గరా నకలు ఉంటుంది. ఎవరూ ఒంటరిగా దిద్దలేరు. సంచి ఏ బేలు నారతో, ఏ యూనిట్‌లో, ఏ నెలలో తయారైందో చెయిన్ మీద ఉంటుంది. కుట్టిన మనిషి పేరు, ఫొటో మాత్రం చెయిన్ మీద ఉండవు. అవి యూనిట్ అదుపులో ఉండే మామూలు డేటాబేస్‌లో ఉంటాయి, QR స్కాన్ చేస్తే తెరుచుకునే పేజీ వాటిని అక్కణ్నుంచే చూపిస్తుంది. చెయిన్ మీదకు వెళ్లేది వాటి hash మాత్రమే. హ్యాష్ అంటే ఆ వివరాల వేలిముద్ర లాంటి అంకెల వరస. వేలిముద్ర చూసి మనిషి మొహం గీయలేనట్టే, హ్యాష్ చూసి పేరు రాబట్టలేం.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పేర్లు ప్రపంచంలో మహా అయితే కొన్ని లక్షలు, కంప్యూటర్‌కి అదొక లెక్క కాదు. ఒక్కో పేరుకూ హ్యాష్ తీసి పోల్చుకుంటూ పోతే దొరికిపోవచ్చు. అందుకని పేరుతోపాటు అర్థం లేని ఒక పొడుగాటి అంకెను కలుపుతారు. దాన్ని salt అంటారు, ఉప్పు. ఆ ఉప్పు కూడా మన డేటాబేస్‌లోనే ఉంటుంది. ఎవరైనా తమ వివరాలు తీసేయమంటే పేరు, ఫొటో, ఉప్పు మూడూ చెరిపేస్తాం. ఆ తర్వాత చెయిన్ మీద మిగిలేది ఎవరికీ చెందని వేలిముద్ర.

దుకాణంవాళ్ల అపనమ్మకానికి కూడా ఏదో ఒకటి చెయ్యాలి కదా. నెలకోసారి మా చెయిన్ మొత్తానికి కలిపి ఒకే ఒక్క హ్యాష్ తీసి దాన్ని public chain మీద పెట్టేలా రాశాను. మేం వెనక లెక్క మార్చితే ప్రపంచానికి తెలిసిపోతుంది. మనుషుల సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఇదంతా పట్టుకుని లోకల్ రైల్లో హౌరా వెళ్లి, అక్కణ్నుంచి మౌమిత ఆఫీసుకు వెళ్లాను. దారి పొడుగునా నన్ను వేధించింది ఒక్కటే. గౌరి కథ చెబితే మౌమిత వెంటనే కరిగిపోవచ్చు. కానీ ఆ కథ చెప్పే హక్కు నాకు లేదు. పిన్ని నాకు చెప్పిందే ఎంతో తటపటాయించి. అందుకని కథ లేకుండా నెగ్గాలి.

మౌమిత శ్రద్ధగా విన్నది. తర్వాత తన కష్టం చెప్పింది. దుకాణంవాళ్లకు మొహం కావాలి, మొహం వెనక ఒక జీవితం కావాలి. హ్యాష్‌ను చూసి ఎవరూ సంచి కొనరు. అయినా ఆ ఆడవాళ్లు తమ ఫొటోలు పెట్టమని సంతోషంగానే ఇస్తున్నారు కదా, మనమెందుకు అడ్డుపడాలి అంది. ఇష్టమున్నవాళ్లు పెట్టుకోవచ్చు, ఇష్టం లేనివాళ్లు పేరు, ఫొటో బదులు ఒక గుర్తు పెట్టుకోవచ్చు, పువ్వో చేపో. రెండూ మామూలే అన్నట్టు పేజీ కనబడుతుందని చూపించాను. ఒప్పుకున్నవాళ్లు కూడా తర్వాత మనసు మార్చుకోగలగాలి, అలా మార్చుకోవడానికి వీల్లేని ఒప్పుదలను నేను ఒప్పుదల అనుకోను అన్నాను. మీ సర్టిఫికెట్ సంచి గురించి నిజం చెప్పాలి, మనిషిని అప్పజెప్పనక్కరలేదు అని కూడా అన్నాను.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. గొంతు తగ్గించి అడిగింది.

"కేఉ ఆఛే ఓఖానే?" అక్కడ ఎవరైనా ఉన్నారా అని.

"ఉండొచ్చు, దీదీ," అన్నాను.

ఇంకేమీ అడగలేదు. ఎవరని అడగలేదు, ఎందుకని అడగలేదు. నా కాయితాలు తీసి తన ఫైల్లో పెట్టుకుని, దుకాణంవాళ్లతో తానే మాట్లాడతానంది. లిఫ్ట్ దాకా వచ్చి సాగనంపింది. ఆమెకి ఏం గుర్తొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మన పనుల్లో ఒక్కోసారి అవతలి మనిషి అడగకుండా ఊరుకోవడమే పెద్ద సాయం.

జవాబు వచ్చేసరికి దుర్గాపూజ సెలవులు దాటిపోయాయి. దుకాణంవాళ్లు పూర్తిగా సంతోషించలేదు. అనుకున్నదానికంటే చిన్న ఆర్డరుతో మొదలుపెడతామన్నారు. పిన్ని కొంచెం నిట్టూర్చింది, అయినా చిన్నదైనా ఆర్డరే అంది.

ఆ వారమే షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. ఈసారి ఏది ఎక్కడ ఉంటుందో, ఏది తీయగలమో, ఏది తీయలేమో తెలుగులోనూ బెంగాలీలోనూ చెప్పి అడిగాను. రమణమ్మ పిన్ని పట్టుచీరలో ఫొటో, ఇంటిపేరుతో సహా పెట్టమంది. సూర్యకాంతం కళ్లజోడు ఉంచుకునే తీయించుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే, మొదటిసారి నవ్వుతూ ఫొటో ఇచ్చినవాళ్లలో కొందరు గుర్తు చాలన్నారు. కారణాలు చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్లలో ముగ్గురు చేప బొమ్మ కోరుకున్నారు. ఆ రోజు గౌరి వచ్చి వెనక కూర్చుంది. అందరూ అయ్యాక నా దగ్గరకొచ్చి తనకూ చేపే పెట్టమంది. వేరే గుర్తులు చాలా ఉన్నాయి కదా అంటే, "ఆళ్లలోనే ఒకర్తినై ఉంటాను అక్కా," అంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం సూర్యకాంతం నా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఎవరో పరాయి దేశం మనిషి సంచి స్కాన్ చేసి, పేరు పట్టుకుని ఈవిడను సోషల్ మీడియాలో వెతికి, రోజూ ఫోన్‌కి మెసేజ్‌లు పెడుతున్నాడట. వాటిని చూసి ఇంట్లో కొడుకు కోప్పడుతున్నాడట. ఆవిడ తప్పు చేసినదానిలా కూర్చుంది.

"సరదాపడి నానే ఇచ్చినాను. ఇప్పుడు తీసీమంటే నీకు కోపమొస్తాదేటో."

కోపమెందుకు, అది నీ మొహం, నీ ఇష్టం అన్నాను. కింద కొట్టు నుంచి టీ వచ్చేలోపు తీసేశాను. QR కోడ్ ఆమె చేతే స్కాన్ చేయించి చూపించాను. సంచి వివరాలన్నీ ఉన్నాయి, ఆమె లేదు. ఆవిడ టీ తాగి స్థిమితంగా వెళ్లిపోయింది. గౌరి గురించి భయపడి చేసిన ఏర్పాటు ముందుగా అక్కరకొచ్చింది, నవ్వుతూ ఫొటో ఇచ్చిన మనిషికి.

ఇప్పుడు కొత్త క్లయింట్లు వచ్చి ఏ ప్లాట్‌ఫారం మంచిది, ఏది వేగం, దేనికి gas fee తక్కువ అని అడుగుతారు. గ్యాస్ ఫీ అంటే చెయిన్ మీద ఒక్కో రాతకు కట్టే రుసుము. అవన్నీ చూడవలసినవే. కానీ నేను ముందు అడిగేది వేరు. ఇందులో ఎవరి గురించి రాస్తున్నారు, రేపు వాళ్లొచ్చి తీసేయమంటే ఏం చేస్తారు అని అడుగుతాను. దానికి జవాబు దొరికితే ప్లాట్‌ఫారం దాదాపు తేలిపోతుంది. చాలాసార్లు బ్లాక్‌చెయినే అక్కర్లేదని కూడా తేలుతుంది. అలా కొన్ని పనులు పోగొట్టుకున్నాను. ఇన్నాళ్లూ సమాచారం చెరగకుండా భద్రపరచడమే సాఫ్ట్‌వేర్ గొప్పతనం అని నేర్చుకున్నాను. ఎవరి గురించి ఏది రాసిపెట్టకూడదో తేల్చుకోవడం కూడా ఈ వృత్తిలో భాగమేనని గౌరి వల్ల తెలిసింది.

గౌరి ఇప్పటికీ పిన్ని యూనిట్‌లోనే ఉంది. కొత్తగా చేరినవాళ్లకు పిడులు కుట్టడం నేర్పుతోంది. మొన్న గోల్ బజార్‌లో కూరగాయలు కొంటుంటే కనబడింది. పక్కన వాళ్ల గది ఎదురింట్లో ఉండే ఒక ముసలావిడ ఉంది. ఈవిడెవరని ఆవిడ గౌరిని అడిగింది. కంప్యూటర్ పని చేసే అక్క అనో, రమణమ్మగారికి తెలిసినావిడ అనో చెబుతుందనుకున్నాను.

"నా పేరు రాయకుండా ఉంచిన అక్క," అంది గౌరి.